నాయుడు మామ ముడుల దారం

ఈ ఏడాది ఆయుధపూజ సెలవులు అయిన మరునాడు గుడియాత్తం బజారులో ఒక నూలు వ్యాపారి ఆఫీసుకు వెళ్ళి ప్రింటరు మూత తెరిచాను. లోపలి నుంచి వెచ్చటి గాలితో పాటు గంధం వాసన గుప్పున వచ్చింది. గిన్నెలో అప్పుడే కలిపిన గంధం వాసన కాదు, రెండు రోజులు ఎండి మిషను వేడికి కాస్త మాడిన గంధం వాసన. అందులో టోనరు పొడి, కర్పూరం కూడా కలిసి ఉన్నాయి. పేపరు వెళ్ళే దారిలో వేళ్ళు పెట్టి తడిమితే పూజ ప్రసాదంలోని బొరుగు గింజ ఒకటి చేతికొచ్చింది. పక్కనే నిలబడిన వ్యాపారి, రెండు రోజులుగా మిషన్ని ఎవ్వరూ ముట్టుకోలేదని నాతో ఒట్టేసి చెబుతున్నాడు. అరచేతిలో బొరుగు గింజ పెట్టి చూపించాను. ఆయన నాలుక కరుచుకుని నవ్వాడు, నేనూ నవ్వాను. నవ్వుతుండగానే నా కళ్ళు తడిశాయి. ఈ వాసన వచ్చే రోజున నాకొక ఫోను రావాలి. పదేళ్ళుగా తప్పకుండా వచ్చిన ఆ ఫోను ఈ ఏడాది రాలేదు.

ఆ ఫోను చేసే మనిషి మునస్వామి నాయుడు. మోర్ధానా ఆనకట్ట కింద నాలుగెకరాల పొలం, రెండు ఆవులు, ఒక బోరు మోటారు ఉన్న రైతు. అదే మనిషి వేలూరు కోటకు కాస్త దూరంలో, నేను పని చేసిన ప్రింటర్ల దుకాణంలో పెద్ద మెకానిక్కు కూడా. తెల్లారి పొలానికి నీళ్ళు పెట్టి, బస్సెక్కి, మడమల దగ్గర ఇంకా బురద ఆరకుండానే పనికి వచ్చేవాడు. మిషన్ల పని ఆయన ఏ బళ్ళోనూ నేర్చుకోలేదు. బోరు మోటారు విప్పి బిగించిన చేతులతోనే మొదటి ప్రింటరు విప్పానని చెప్పేవాడు. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది తెలుగు, ఆయన చదవగలిగేది అరవం. నేను ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు ఆయనకు ఒక్కటీ రావు. ఆయన్ని చూడనివాళ్ళకు ఆయన గురించి చెప్పాలని కూర్చుంటే నాకిప్పుడు కూడా మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి, అందుకని కాస్త మెల్లగా, మొదటి నుంచి చెబుతాను.

మాది గుడియాత్తం బజారులో కాగితాలు, నోటుబుక్కులు అమ్మే శెట్ల కుటుంబం. డిగ్రీ అయ్యాక నేను వేలూరు దుకాణంలో ఫోను దగ్గర ఉద్యోగానికి చేరాను. ఎవరి ప్రింటరు చెడిపోయినా ముందు నాకు ఫోను చేస్తారు, నేను చీటీ మీద రాసి మెకానిక్కులకు ఇవ్వాలి. కూర్చుని చేసే పని కాబట్టి మా నాన్న ఒప్పుకున్నాడు. మొదటి రోజు ఎంతో శ్రద్ధగా, గుండ్రటి అరవ అక్షరాలతో, పది చీటీల మీద ‘ప్రింటరు పని చేయడం లేదు’ అని రాసి పెట్టాను. నాయుడు వచ్చి పదీ చదివి, నీటుగా రెండు ముక్కలు చేసి బల్ల మీద పెట్టాడు.

“పని చెయ్యలేదంటే ఏమనమ్మణ్ణీ? పడుకోనుండాదా, దగ్గతా ఉండాదా, పేపరు మింగేసి కక్కనంటా ఉండాదా? అది చెప్పకుంటే నేను ఏం సామాను ఎత్తుకోని పోయేది?”

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ సాయంత్రంలోపు పది మందికీ మళ్ళీ ఫోను చేసి అడిగాను. ఏం చప్పుడు వస్తోంది, కడసారి ఎప్పుడు బాగా పని చేసింది, ఆ తర్వాత ఆ గదిలో ఏం మారింది. పదిలో నాలుగు, ఫోను మీదే బాగయ్యాయి. ఒకటి ఊడిపోయిన వైరు, ఒకటి సగం మూసిన మూత, ఇంకొకటి పేపరు తట్ట లోపలిదాకా తొయ్యకపోవడం. నాలుగోది ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు గానీ, అవతలి మనిషి ‘వచ్చిందమ్మా, వచ్చింది’ అన్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇరవై మైళ్ళ అవతల ఉన్న మిషను నా మాటతో కదిలింది! నాయుడు అదంతా ఓరకంట చూసి, చెడిపోయి వచ్చిన పేపర్లను పారెయ్యొద్దని కూడా వాళ్ళకు చెప్పమన్నాడు. అవి మనకు మిషను రాసిన జాబులని అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు మామ అయ్యాడు.

ఆయన పని చేసే తీరు చూడాలంటే వానాకాలంలో చూడాలి. గుడియాత్తంలో ఒక వకీలు ఆఫీసులో రోజుకు పదిసార్లు పేపరు ఇరుక్కునేది. అంతకు ముందు వచ్చిన వాళ్ళెవరో రోలర్లు మార్చి వెళ్ళారు, అయినా అంతే. ఆ రోజు నేను ఇంటి దారిలోనే కదా అని మామతో దిగి చూడటానికి వెళ్ళాను. ఆయన మిషను జోలికే పోలేదు. తట్టలోంచి ఒక పేపరు తీసి, చెవి దగ్గర పెట్టుకుని, వేలితో కొట్టాడు. తర్వాత నా చెవి దగ్గర పెట్టి కొట్టాడు. మెత్తగా ‘దబ్’ మంది. వేరుశనగకాయను చెవి దగ్గర ఊపి ఎండిందో లేదో చెప్పే రైతుకు పేపరులో చెమ్మ తెలియడం ఎంత సేపు? పేపరు కట్టలన్నీ నీళ్ళ కుండ పక్కన, కిటికీ కింద పేర్చి ఉన్నాయి. వాటిని బీరువాలో పెట్టించి, పొడిగా ఉన్న ఒక కట్టను విసనకర్రలా విదిలించి తట్టలో పెట్టాడు. యాభై పేజీలు ఆగకుండా వచ్చాయి. మిషను విప్పకుండానే బాగు చేశాడేమిటని వకీలు అనుమానంగా చూస్తుంటే, విప్పడానికి అందులో చెడిందేమీ లేదని మామ లేచిపోయాడు.

లుంగీలు నేసేవాళ్ళ ఆఫీసుల్లో కథ ఇంకో రకం. అక్కడ గాల్లోనే నూలు దూది తేలుతూ ఉంటుంది, అది రోలర్లకు పట్టుకుని పేపరు జారిపోతుంది. తడి గుడ్డతో రోలరు తుడిచి, ఆరనిచ్చి, సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు మిషను మీద ఒక పాత లుంగీ కప్పమనేవాడు. వాళ్ళు అలాగే ఒక లుంగీ తెచ్చి చూపిస్తే, దాన్లోంచి జానెడు ముక్క అడిగి పుచ్చుకునేవాడు. నలభైసార్లు ఉతికిన గుడియాత్తం లుంగీ కంటే మెత్తటి గుడ్డ మిషన్లకు లేదని ఆయన నమ్మకం. నా సంచిలో ఇప్పటికీ అదే ఉంటుంది.

నేను చేరిన ఏడాదే ఆయుధపూజ వచ్చింది. దుకాణంలో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే, అలంకారం నాకు అప్పగించారు. నేను ఊరుకుంటానా? మిషన్లన్నీ తుడిచి, మూతలు తెరిచి, బయటా లోపలా గంధం పూసి కుంకుమ పెట్టాను. బొట్టు పైపైన పెడితే భక్తి ఏముంటుందని, పేపరు తట్ట పైన ఉండే చిన్న నల్లటి మీటకు కూడా వదలకుండా పెట్టాను. పూజలో పెట్టిన మిషన్ని ఆ పూట ముట్టుకోకూడదు, మరునాడు విజయదశమి. రెండు రోజుల తర్వాత దుకాణం తెరిస్తే, అందరికీ చూపించడానికి ముందు వరుసలో పెట్టిన కొత్త మిషను పేపరు లేదు పొమ్మంది. తట్ట నిండా పేపరు ఉంది. తీసి పెట్టాను, ఆపి వేశాను, కంప్యూటరులో దాన్ని తీసేసి మళ్ళీ ఎక్కించాను. గంట సేపు కుస్తీ పట్టాక మామ వచ్చాడు. మిషను సంగతి ఒక్కటీ అడగలేదు. పూజ ఎవరు చేశారని అడిగాడు, నేనే అన్నాను. బాగా చేశావా అని అడిగాడు, చాలా బాగా చేశానన్నాను. తడి గుడ్డ కొనతో ఆ నల్లటి మీట దగ్గర రెండుసార్లు రాసేసరికి ఎండిన గంధం పెళ్ళలుగా ఊడింది. మీట ‘టిక్’ మని లేచింది. మిషను గుర్రుమని పేపరు లాక్కుంది. ఆ మీట తగిలితేనే పేపరు ఉన్నట్టు మిషనుకు తెలుస్తుందట, దాన్నే నేను గంధంతో అతికించేశాను.

“బొట్టు పెట్టేది తప్పు గాదమ్మణ్ణీ. మొగానికి పెట్టాల. నాలిక్కి పెడితే అది ఎట్ల మాట్లాడతాది?”

సిగ్గుతో చచ్చిపోయాను, కానీ దాని వెనకే పట్టలేనంత సంతోషం వచ్చింది. అరగంటలో ఫోన్లు మొదలయ్యాయి. ఒకచోట రోలరుకు విభూది పట్టె, ఒకచోట గాజు పలక మీద పసుపు, ఇంకొకచోట నిమ్మకాయ రసం. వేలూరులోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ సగం మిషన్లు ఆ ఒక్కరోజే మూగబోతాయి. మామ దాన్ని సుగ్గి అనేవాడు, పంట కోతల కాలమన్న మాట. ఆ రోజు ఆయన నడకే వేరుగా ఉండేది. అయితే ఒక్కటి నాకు గట్టిగా చెప్పాడు. దేవుడికి పెట్టిన బొట్టు వల్ల మిషను చెడిందని ఎవరితోనూ అనకూడదు. వాళ్ళ మనసు కష్టపడుతుంది, పైగా నిజం చెప్పరు. లోపలికి అడుగు పెడుతూనే పూజ బాగా జరిగిందా అని అడగాలి. అప్పుడు ఎక్కడెక్కడ బొట్టు పెట్టారో వాళ్ళే మురిసిపోతూ చెబుతారు.

ఆ సుగ్గిలోనే మొదటిసారి ఆయన దారం చూశాను. చొక్కా జేబులో, పొగాకు డబ్బా అంత డబ్బాలో చుట్టి పెట్టుకునేవాడు. కొవ్వొత్తి మైనం పట్టించిన మగ్గం నూలు, మొదట్లో ఒక ముడి, అక్కడి నుంచి ఎడమెడంగా మూడు ముడులు. పేజీ మీద ఒక్క మచ్చ పడితే అది దుమ్ము. అదే మచ్చ సమానమైన ఎడంతో మళ్ళీ మళ్ళీ పడితే, లోపల తిరిగే గుండ్రటి వస్తువు ఏదో ఒకదానికి గాయమైందని అర్థం. అది ఒక చుట్టు తిరిగినప్పుడల్లా గాయం ఒకసారి కాగితానికి తగులుతుంది. కాబట్టి రెండు మచ్చల మధ్య దూరం ఎంతో, ఆ వస్తువు చుట్టుకొలత అంత. ఏ రోలరు చుట్టుకొలతకు ఏ ముడి అన్నది మామ అంతకు ముందే దారం చుట్టి చూసి పెట్టుకున్నాడు. పేజీ మీద దారం పరిచి, మూత తెరవకుండానే, ఫలానా రోలరు అని చెప్పేవాడు. నాకు మతిపోయింది. ఆ సాయంత్రం బస్సులో గుడియాత్తం చేరేలోపు పూల దారంతో నా గాజుల్నీ, టిఫిను డబ్బా మూతనూ, ముందు సీటు కడ్డీనీ కొలుస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్నావిడ లేచి వేరే సీటుకు వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు పూజకు ముందు ఓనరు నన్ను పిలిచాడు. జనం ఇప్పుడు చెడిన పేజీని ఫోటో తీసి నేరుగా మెకానిక్కుల ఫోన్లకే పంపుతున్నారు, ఇక ఫోను దగ్గర ప్రత్యేకంగా మనిషి అక్కర్లేదు, దీపావళి దాకా ఉండి వెళ్ళమన్నాడు. చెడ్డవాడు కాదు, ఉన్నమాటే చెప్పాడు. కానీ ఆ కుర్చీ పోతే నా కథ అంతటితో సరి. కూర్చునే ఉద్యోగమనే మా నాన్న నన్ను బస్సెక్కనిచ్చాడు. అందుకే ఆ క్షణంలోనే తెగించి, నాకు మెకానిక్కు సంచి ఇవ్వమని అడిగాను. ఓనరు ఆశ్చర్యపోయాడు. ఆడపిల్ల మిషను ఎలా ఎత్తుతుంది, కస్టమర్లు ఎలా ముట్టుకోనిస్తారు, ఏదైనా చెడితే దుకాణం పేరు ఏమవుతుంది, అని ఒకదాని వెనక ఒకటి అడిగాడు. మామ అక్కడే స్క్రూలు ఏరుకుంటూ ఉన్నాడు. ఒక్క మాటా మాట్లాడలేదు. సరుకు గదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఓనరు మీద కంటే మామ మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఆ వారమంతా ఆయనతో ముభావంగానే ఉన్నాను.

పూజ సెలవులు అయ్యాయి. తొమ్మిది కొట్టకముందే ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. మామ వచ్చి తన సంచి నా బల్ల మీద పెట్టాడు. జేబులోంచి దారం డబ్బా తీసి సంచిలో వేశాడు.

“ఈ పొద్దు నేను ఫోను కాడ కూర్చుంటా. నువ్వు సంచి ఎత్తుకోని పో.”

ఓనరు పరుగెత్తుకొచ్చాడు. మోకాళ్ళ నొప్పి, ఇవాళ మెట్లు ఎక్కలేనని మామ చల్లగా చెప్పాడు. మిగతా మెకానిక్కులు అప్పటికే ఊళ్ళ మీద పడ్డారు, ఫోను ఆగకుండా మోగుతోంది. ఓనరు తల పట్టుకుని, ఇవాళ ఒక్కరోజే అన్నాడు. ఒక్క కస్టమరు కంప్లయింటు చేసినా మళ్ళీ సంచి మాట ఎత్తకూడదన్నాడు. మామకు నిజంగా మోకాళ్ళు నొప్పో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు గానీ, ఆ సాయంత్రం మోర్ధానా బస్సు కదిలిపోతుంటే ఆయన పరుగెత్తి ఎక్కడం మాత్రం నా కళ్ళతో చూశాను.

మొదటిది ఒక ట్రావెల్స్ ఆఫీసు. పూజ బాగా జరిగిందా అని అడిగానో లేదో, రోలరుకు విభూది పట్టెలు పెట్టిన సంగతి ఆయనే చెప్పేశాడు. పది నిమిషాల పని. రెండోది ఒక ట్యూషను సెంటరు, అక్కడ నాకు బాగా తెలిసిన నల్లటి మీట. ఆటోలో కూర్చుంటే గాల్లో పోతున్నట్టే ఉంది. ఇంతలో మామ ఫోను చేసి, ఆసుపత్రి రోడ్డులో ఒక రక్తపరీక్షల ల్యాబుకు వెంటనే వెళ్ళమన్నాడు. అక్కడికి వెళ్ళేసరికి నా ఉషారంతా దిగిపోయింది.

చిన్న గది, బెంచీల నిండా జనం. చాలామంది ఎక్కడెక్కడి నుంచో రైళ్ళలో వచ్చినవాళ్ళు, సంచులతో సహా అక్కడే కూర్చున్నారు. మధ్యాహ్నంలోపు రిపోర్టు తీసుకెళ్ళి డాక్టరుకు చూపించాలి. ల్యాబు చూసుకునే లలితమ్మ తిరువలం నుంచి వస్తుంది, మా మాటే మాట్లాడుతుంది. ఆవిడ నా చేతిలో ఒక రిపోర్టు పెట్టింది. పేజీకి మూడు నల్లటి చుక్కలు, సన్నగా, గుండుసూది మొన అంత. అవి పడిన చోటు చూశాను. సరిగ్గా అంకెల వరుసలో పడ్డాయి. సున్నా ముందు చుక్క పడి, ఎవరిదో నూట నలభై కాస్తా పద్నాలుగయింది. లలితమ్మ అది కనిపెట్టి రిపోర్టులన్నీ ఆపేసింది. చేత్తో రాసిస్తే డాక్టర్లు ఒప్పుకోవడం లేదట. ఆవిడ నా వెనక ఎవరైనా వస్తున్నారా అని చూసింది. ఎవరూ రాకపోయేసరికి దుకాణానికి ఫోను చేసి, స్పీకరు పెట్టి, ఇది మనుషుల ప్రాణాల సంగతి, నాయుణ్ణి పంపమని అడిగింది.

“నాయుడే మాట్లాడతా ఉండాను తల్లీ. ఆ అమ్మణ్ణి చెయ్యలేకపోతే నేను వచ్చినా చెయ్యలేను. అది చేస్తాది. నువ్వు రోంత జాగా ఇయ్యి.”

లలితమ్మ ఫోను పెట్టి పక్కకు జరిగింది. దారం తీసి మచ్చల మీద పరిచాను. మచ్చల ఎడం బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. అది రెండో ముడి దాటింది, మూడో ముడికి అందలేదు. మళ్ళీ పరిచాను, అంతే. కొత్త రకం మిషను, దాని కొలత మామ దారంలో లేదు. మామకు ఫోను చేద్దామని చెయ్యి పోయింది. ఆయన ఇప్పుడే అంత మాట అన్నాడు, నేను ఫోను చేస్తే ఆ మాట విలువ ఏమవుతుంది? అప్పుడు తట్టింది. ఈ ముడులు ఆయనకు మాత్రం ఎవరిచ్చారు? ఒక్కొక్క రోలరుకు దారం చుట్టి చూసి వేసుకున్నవే కదా. కార్ట్రిడ్జ్ బయటికి తీశాను. అందులో, అక్షరాలను కాగితం మీదికి దించే గుండ్రటి డ్రమ్ము ఆకుపచ్చగా అద్దంలా మెరుస్తోంది. దాని అంచు దగ్గర, తగలీ తగలకుండా దారం ఒక చుట్టు చుట్టాను. మచ్చల ఎడానికి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. నేను గట్టిగానే అరిచానేమో, బెంచీల మీద వాళ్ళంతా నా వైపు చూశారు.

డ్రమ్మును మెల్లగా తిప్పితే ఆవగింజంత ఎర్రటి చుక్క కనిపించింది. గడప దగ్గరే అడగాల్సిన ప్రశ్న భయంలో మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. పూజ బాగా జరిగిందా అమ్మా అని అడిగాను.

“బాగా చేసినామమ్మా. నేనే అన్నీ తుడిచి పెట్టినాను. లోపల పచ్చగా మెరస్తా ఉండె గదా, దాని గుండె అదే అనుకోని దానికీ కొంచెం కుంకమ...” లలితమ్మ అక్కడే ఆగిపోయింది.

ఆవిడ ముఖం చూసి, గుండె అదేనమ్మా, మీరు సరిగ్గానే కనిపెట్టారు అన్నాను. నిజంగా అదే దాని గుండె. ఆవిడ గబగబా స్పిరిట్లో ముంచిన దూది తెచ్చి ఇచ్చింది. ల్యాబులో దానికేం కొదవ? కానీ స్పిరిట్ తగిలితే డ్రమ్ము మీది పూత పోతుందని, వెలుతురు ఎక్కువ తగిలినా పాడవుతుందని మామ వందసార్లు చెప్పాడు. సంచిలోంచి ఒక లుంగీ ముక్క నేను తీసుకుని, అడుగున మడిచి ఉన్న నిండు లుంగీ ఆవిడకిచ్చి, మా ఇద్దరి తలల మీదుగా వెలుతురుకు అడ్డం పట్టుకోమన్నాను. ఆ నీడలో ఇద్దరం ఒకే మిషను మీదికి వంగాం. నోటి ఆవిరి పట్టించి, గుడ్డ కొనతో పసిపిల్ల కంటి పుసి తుడిచినట్టు తుడిచాను. చుక్క ఒక పక్క నుంచి లేచింది. మళ్ళీ ఆవిరి, మళ్ళీ తుడుపు. తొందరపడాలని ఉంది, తొందరపడలేదు.

మొదటి పేజీలో చుక్కలు లేత బూడిదరంగుకు దిగాయి. రెండో దాంట్లో వెతికితేనే కనిపించాయి. అయిదో పేజీని కిటికీకి అడ్డం పెట్టి చూస్తే తెల్లగా, అమ్మవారి ముక్కుపుడకంత స్వచ్ఛంగా ఉంది. లలితమ్మ పాత రిపోర్టు పక్కన కొత్తది పెట్టి అంకెలన్నీ వేలు పెట్టి చదివింది. నూట నలభై నూట నలభైగానే ఉంది. ఆ తర్వాత ఆవిడ పేర్లు పిలవడం మొదలుపెట్టింది, ఒక్కొక్కరే లేచి కాగితం పుచ్చుకుని పరుగులు పెట్టారు. వాళ్ళలో ఎవరికీ నేనెవరో తెలియదు, వాళ్ళ భాషలూ నాకు తెలియవు. అయినా ఒక్కొక్క పేజీ బయటికి వస్తుంటే నా లోపల ఏదో ఎగిరి గంతులేస్తూనే ఉంది. అంత సంతోషం నేను అంతకు ముందు ఎరగను.

సాయంత్రం దుకాణానికి వచ్చేసరికి ఓనరు గల్లాపెట్టె దగ్గర లేచి నిలబడి ఉన్నాడు. ల్యాబు నుంచి మళ్ళీ ఫోను వచ్చిందనీ, ఇక మీదట ఆ అమ్మాయినే పంపమని అడిగారనీ, ఇంకా ఆశ్చర్యం తీరని గొంతుతో చెప్పాడు. మామ నన్ను మెచ్చుకోలేదు. వెళ్ళీ వెళ్ళగానే ఆయన అడిగింది ఒక్కటే, దారం మీద ఎక్కడికి వచ్చిందని. రెండో ముడికీ మూడో ముడికీ మధ్య బొటనవేలి గోరుతో పట్టుకుని చూపించాను. ఆయన దారాన్ని నా చేతిలోంచి తీసుకోలేదు. నేను పట్టుకునే ఉండగా, నా గోరు పక్కనే, తన మోటు వేళ్ళతో ముడి వేసి పంటితో బిగించాడు.

“ఇన్నేండ్లకి ఇంకొకరు చెప్పిన కొలతకి ముడి ఏస్తా ఉండాను,” అన్నాడు.

సరిగ్గా ఉందో లేదో మళ్ళీ కొలిచి చూడలేదు. అది నాకు సంచి దొరికిన దానికంటే పెద్దదిగా తోచింది. దీపావళికి ఫోను కుర్చీ తీసేశారు. నాకు సంచి ఇచ్చారు. మా నాన్నకు సంగతి చెప్పడానికి మామే మా అంగడికి వచ్చాడు. పేపరు కట్టలు ఎంత చెమ్మగా ఉన్నాయో చెవి దగ్గర కొట్టి చూపించి, మా నాన్న చేత అరలన్నీ మార్పించి, ఆఖరున పోతూ పోతూ నా సంగతి చెప్పి వెళ్ళాడు.

మూడేళ్ళ తర్వాత ఆయన పని మానేసి పొలానికే పరిమితమయ్యాడు. దుకాణం వదిలి వెళ్ళే రోజున దారం డబ్బా నా సంచిలో వేశాడు. నేను గుడియాత్తంలో సొంతంగా చిన్న దుకాణం పెట్టుకున్నాను. ఆయన నేర్పినదానికి నేను చేర్చింది ఒక్కటే. పూజకు వారం ముందు కస్టమర్ల దగ్గరికి వెళ్ళి ప్రతి మిషను పైమూత మీద ఒక గుండ్రటి పసుపు కాగితం అంటించి, బొట్టు ఇక్కడ పెట్టండని చెప్పి వస్తాను. పూజ సెలవులు అయిన మరునాడు మామ ఫోను చేసి, ఎన్ని ఫోన్లు వచ్చాయని అడిగేవాడు. ముప్ఫయి, ఇరవై రెండు, పద్నాలుగు. ఏడాదికేడాది లెక్క తగ్గుతుంటే, నా సుగ్గి అంతా పోగొట్టావు గదమ్మణ్ణీ అని గొణిగేవాడు. ఆ గొణుగుడులో గర్వం నాకు బాగా వినిపించేది. కడపటి ఏడాది ఆయనకు చెవులు మందగించాయి. నా మాట సరిగ్గా వినపడక, మిషను దగ్గర ఫోను పెట్టమన్నాడు. కాసేపు విని, రోలరు జారతా ఉండాది అన్నాడు. నిజంగానే జారుతోంది. ఈ ఎండాకాలంలో ఆయన పోయాడు.

నూలు ఆఫీసులో ఆ రోజు నా పని అయ్యాక, బల్ల మీద ఉన్న నా దారాన్ని వ్యాపారి చూశాడు. నూలు మనిషి కదా, వేళ్ళతో నలిపి, ఇది చాలా నలిగిపోయింది, ఎప్పుడైనా తెగుతుంది, కొత్తది తీసుకోండని ఒక కండె తెచ్చి ఇచ్చాడు. అక్కడే కూర్చుని కొత్త దారానికి మైనం పట్టించి, పాత దారం పక్కన పరిచి, ఒక్కొక్క ముడే వేసుకుంటూ వచ్చాను. మధ్యలో ఒక ముడి ఎందుకు ఎర్రగా ఉందని ఆయన అడిగాడు. అది నా మాట మీద మా మామ వేసిన ముడి అన్నాను, ఆ తర్వాత ఒక గంట సేపు ఆపకుండా మాట్లాడాను. మీకు ఇక్కడ చెప్పిందంతా ముందు ఆయనకే చెప్పాను. ఆ రోజు మొత్తం తొమ్మిది ఫోన్లు వచ్చాయి.

కొత్త దారం ఇప్పుడు నా సంచిలో ఉంది. పాతది డబ్బాలో పెట్టి పూజ పటం దగ్గర ఉంచాను. ప్రతి ఏడూ నా మిషన్లన్నిటికీ మొగానికే బొట్టు పెట్టి, ఆఖరున మామ నా మాట మీద వేసిన ఆ ముడికి కాస్త కుంకుమ అద్దుతాను. వచ్చే ఏడూ అద్దుతాను. అక్కడ ఎంత పెట్టినా ఏ మిషనూ మూగబోదు.